మా ఇంటి పొగపై పిల్లి అభ్యంతరం

పిల్లుల వల్ల మనుషులకు ఉబ్బసం వస్తుందని తాతల కాలం నుంచి వింటున్నాం. పిల్లి వెంట్రుక గొంతులోకి పోతే ఇక అంతే సంగతులని భయపెట్టని పెద్దలు తెలుగునాట లేరు. అలాంటిది ఒక పిల్లి ముందుకొచ్చి, మనుషుల వల్ల తనకే ఉబ్బసం పట్టుకుందంటే ఎలా ఉంటుంది? ముద్దాయే వచ్చి ఫిర్యాదీ మీద కేసు పెట్టినట్టు ఉంటుంది. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. గృహస్థుల ప్రయోజనాల దృష్ట్యా ఆ ఉదంతాన్ని ప్రజల ముందు ఉంచడం నా బాధ్యత.

ముద్దాయి పేరు మల్లి. వయసు నాలుగేళ్ళు. జాతి, గోడ మీది పిల్లి. ఒక వానాకాలం సాయంత్రం ఎటు దూకాలో తేల్చుకుని మా వంటింట్లోకి దూకింది. అప్పటినుంచి ఆ విషయంలో మాట మార్చలేదు.

మొదట దగ్గు వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి సోఫా పక్కన పొట్ట నేలకు ఆనించి, మోచేతులు పక్కలకు తెరిచి, మెడ ముందుకు సాచి కూర్చునేది. ఎవరికో సాష్టాంగ నమస్కారం చేయబోయి, మనసు మార్చుకుని మధ్యలో ఆగినట్టు ఉండేది ఆ భంగిమ. గొంతులోంచి చిల్లు పడిన హార్మోనియం తిత్తి చప్పుడు. అయిదారుసార్లు దగ్గి, చివర ఒక గుటక మింగి, ఏమీ జరగనట్టు పాదం నాక్కునేది.

‘వెంట్రుకల ఉండ’ అని ఇల్లంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒళ్ళు నాక్కునే జంతువు కదా, పొట్టలో వెంట్రుకలు చేరతాయి, కక్కేస్తుంది. ఎనిమిది నెలలు ఆ ఉండ కోసం ఎదురుచూశాం. మా వీధి చివరి వంతెనలాగే అది కూడా వస్తోంది, వస్తోంది అనుకోవడమే తప్ప రాలేదు. నిజంగా కక్కే పిల్లి పొట్ట ఎగిరెగిరి పడుతుందని, చివరకు ఏదో ఒకటి మన మంచి దుప్పటి మీదే పడుతుందని, దగ్గే పిల్లికి ఏమీ బయటకు రాదని తర్వాత తెలిసింది. ఈ తేడా తెలియక ఎనిమిది నెలలు పోయాయి. పోయింది మా ఊపిరి కాదు కాబట్టి మేం పెద్దగా బాధపడలేదు.

ఇంతలో దగ్గు సంగతి వీధిలో పొక్కింది. ఉబ్బసానికి వైద్యం తెలియని మనిషి మన దగ్గర ఓటర్ల జాబితాలో కూడా దొరకడు. పక్కింటి పిన్నిగారు అడ్డసరం ఆకు కషాయం తెచ్చారు. ఎదురింటాయన ఛాతీకి బామ్ రాయమన్నారు. పిల్లి ఒంటికి ఏది పూసినా నాకుతుందని, బామ్‌లోని కర్పూరమూ నీలగిరి తైలమూ దానికి విషమని ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. బాబాయి సగం పారాసిటమాల్ మాత్ర వేసి చూడమన్నాడు. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. ఆ పూట ఇంట్లో మాత్రలు నిండుకోవడమే మల్లి చేసుకున్న పుణ్యం.

మా బావగారు మాత్రం ఏకంగా హైదరాబాదు ప్రయాణం పెట్టారు. మృగశిర కార్తె దాకా ఆగితే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం వేయించవచ్చన్నారు. నోట్లో మందు పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే మింగాలంటే మనుషులు కళ్ళు గట్టిగా మూసుకుంటారు. మల్లి అయితే మింగేసి మళ్ళీ వరుస చివరకు వెళ్ళి నిలబడుతుంది. దానితో ఉబ్బసం తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాకపోయినా, మూడేళ్ళు వరుసగా వేయించుకోవాలన్న నియమాన్ని ఇంత భక్తితో పాటించే రోగి మరొకరు దొరకరు.

కార్తె రావడానికి ఇంకా అయిదు నెలలుంది. చివరకు పశువుల ఆసుపత్రికి బయలుదేరాం. గుమ్మం దాటుతుండగా అమ్మ కేకేసింది. ‘పిల్లి ఎదురొచ్చిందిరా, కాసేపు కూర్చుని వెళ్ళండి.’ పిల్లి నా చేతిలోని బుట్టలోనే ఉందని చెప్పాను. ‘అయితే మరీ మంచిది కాదు’ అంది. అయిదు నిమిషాలు కూర్చున్నాం, పిల్లితో సహా.

డాక్టరమ్మ మా అమ్మాయి ఫోన్లో తీసిన దగ్గు వీడియోను మూడుసార్లు చూశారు. ఆసుపత్రి బల్లమీద ఏ పిల్లీ దగ్గదట, కాబట్టి ఆ వీడియోయే సగం సాక్ష్యం. గుండె జబ్బు కాదని, ఊపిరితిత్తుల్లో పురుగులు లేవని పరీక్షలు చేసి, ఎక్స్‌రే తీశారు. గాలి గొట్టాల గోడలు వాచి, నిలువునా కనిపించిన చోట రైలు పట్టాల్లా, అడ్డంగా కనిపించిన చోట గారెల్లా ఉన్నాయి. కొన్ని పిల్లులకు ఎక్స్‌రే మామూలుగానే ఉన్నా జబ్బు ఉండవచ్చన్నారు. మావాళ్ళకు ఆ అనుమానం అక్కర్లేకుండా మల్లి గారెలు స్పష్టంగా వండింది. నూటికి ఒకటి నుంచి అయిదు పిల్లులకు ఈ ఉబ్బసం ఉంటుందని అంచనా.

అంతవరకు బాగానే ఉంది. ‘ఇంట్లో ఏమేం కాలుస్తారు?’ అని ఆవిడ అడిగిన క్షణం నుంచి మా కుటుంబ గౌరవం మంటగలిసింది. ఉదయం రెండు అగరువత్తులు. సాయంత్రం రెండు. శుక్రవారం సాంబ్రాణి, అది మూలమూలకూ వెళ్ళాలి, మంచాల కిందకు కూడా. రాత్రి దోమల కాయిల్, తలుపులన్నీ బిగించి, లేకపోతే పొగ వృథా అవుతుంది. మధ్యాహ్నం ఎండు మిరపకాయల పోపు. నాన్నగారి స్నానం తర్వాత హాలులో దిగే పౌడరు మేఘం. మల్లి మలవిసర్జన పెట్టెలో మేమే పోసే మట్టి, దాని దుమ్ము. నా సిగరెట్టు ఈ వ్యాసం పరిధిలోకి రాదు. బాల్కనీలో తాగిన పొగ ఇంట్లోకి రాదని నా దగ్గర బలమైన సిద్ధాంతం ఉండేది. డాక్టరమ్మ నా చొక్కా వైపు ఒకసారి ముక్కు తిప్పి, ఏమీ అనకుండా కాగితం మీద రాసుకున్నారు.

చూశారా అన్యాయం! తరతరాలుగా మనం పొగ వేసుకుంటున్నాం, దగ్గుకుంటున్నాం, దగ్గుకు వాతావరణాన్ని తిట్టుకుంటున్నాం. ఎవరి దారిన వాళ్ళం పోతున్నాం. నాలుగు కిలోల జంతువొకటి వచ్చి ఈ ఏర్పాటును ప్రశ్నించడమా? ‘పిల్లిని మార్చుకోవచ్చు గానీ ఇంటి పద్ధతులు మార్చుకుంటామా’ అని నేను గట్టిగానే అన్నాను. ఆ రాత్రి మల్లి దగ్గుతుంటే అమ్మ లేచి కాయిల్ తీసి పెరట్లో పారేసి, దోమతెర కట్టింది. మర్నాడు అగరువత్తులు మేడమీది తులసికోట దగ్గరకు వెళ్ళాయి. ‘దేవుడు రెండు మెట్లు ఎక్కలేడా’ అంది. నా సిగరెట్టు వీధి చివరకు, అక్కడి నుంచి వారానికి రెండుకు దిగింది. అయినా అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

ఇక మందు. మొదట గాలి గొట్టాల వాపు తగ్గించే స్టెరాయిడ్, ప్రెడ్నిసోలోన్ మాత్రలు, నెమ్మదిగా తగ్గిస్తూ. చాలాకాలం మాత్రలే వాడితే చక్కెర జబ్బు వచ్చే ప్రమాదం ఉందట, అందుకని తర్వాత అదే పని ఊపిరితో చేసే ఫ్లూటికాసోన్ ఇన్హేలర్, రోజుకు రెండుసార్లు. అది పూర్తిగా పట్టుకోవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. బిగుసుకున్న గాలి గొట్టాలను త్వరగా తెరిచే సాల్బుటమాల్ వేరే ఉంటుంది, అది ఆయాసం ముంచుకొచ్చినప్పుడే. నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్ళు నీలంగా మారినా ఇంటి వైద్యాలు కట్టిపెట్టి ఆసుపత్రికి పరుగెత్తమన్నారు.

ఇన్హేలర్ మాట వినగానే నాన్నగారు పేపరు దించారు. ఆయనకు ఇరవై ఏళ్ళుగా ఉబ్బసం. డాక్టరు రాసిచ్చిన ఇన్హేలర్ బీరువాలో భద్రంగా ఉంది. కొట్టిన మందు కాసేపు నిలిచి మెల్లగా పీల్చుకునేందుకు దానికి తగిలించే స్పేసర్ గొట్టం ఆయన బల్లమీద నాలుగు పెన్నులు, ఒక స్క్రూడ్రైవరు పెట్టుకోవడానికి ఉపయోగపడుతోంది. ‘ఇన్హేలరంటే ఆఖరి మెట్టు. అలవాటైతే వదలదు. పాపం, చిన్న పిల్లి’ అన్నారు.

పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న పాత సమస్యను మా అమ్మాయి తీర్చింది. పసిపిల్లల స్పేసర్‌కు బిగించే చిన్న మాస్కు తెచ్చి, అంచుకు చేప ఉడికించిన నీళ్ళు రాసి, వారం రోజులు ఊరికే వాసన చూపించింది. మందు కొట్టినప్పుడు ‘బుస్’మనే చప్పుడు పిల్లికి పాము పలకరింపులా వినిపిస్తుంది. అందుకని ముందే గొట్టంలోకి కొట్టి, తర్వాత మెల్లగా ముఖానికి ఆనించేది. గొట్టంలోని చిన్న రేకు ఒక్కో ఊపిరికి ఒక్కోసారి కదులుతుంది. ఏడు నుంచి పది దాకా లెక్కపెట్టాలి. మూడో వారానికల్లా మల్లి పొద్దున ఏడింటికి తానే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో వేళకు మందు వేసుకునే మొదటి వ్యక్తి అదే.

రాత్రి లెక్క అమ్మది. నిద్రపోతున్న పిల్లి నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీయకూడదు. అమ్మ గడియారం ముందు పెట్టుకుని, మల్లి డొక్క ఎగసినప్పుడల్లా జపమాలలో ఒక పూస తిప్పుతుంది. ‘ఇరవై నాలుగు’ అని ప్రకటించి, మాల కళ్ళకద్దుకుని పడుకుంటుంది.

మొన్న మంచు కురిసిన తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ ఆ హార్మోనియం చప్పుడు. హాలులోకి వెళ్ళి చూస్తే సోఫా మీద నాన్నగారు. మోచేతులు మోకాళ్ళకు ఆనించి, మెడ ముందుకు సాచి కూర్చున్నారు. ఎదురుగా మల్లి కూర్చుని, వెంట్రుకల ఉండ ఏమైనా వస్తుందేమోనన్నట్టు ఆయన ముఖంలోకి చూస్తోంది. మా అమ్మాయి లేచి వచ్చి బీరువా తెరిచింది.

పొద్దున వంటింటి గట్టు మీద కడిగిన స్పేసర్లు రెండు ఆరుతున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏడింటికి నాన్నగారు పీట వాల్చుకుని కూర్చున్నారు. ‘అమ్మలూ, దానికి పది లెక్కపెడతావు కదా, నాకెవరు లెక్కపెడతారు?’ అన్నారు. ‘వరుసలో రండి తాతయ్యా, మల్లి ముందు వచ్చింది’ అంది మా అమ్మాయి.

నాలుగు పెన్నులు, స్క్రూడ్రైవరు ప్రస్తుతం టీవీ మీద ఉన్నాయి. వాటికి ప్రత్యామ్నాయ స్థలం ఇంకా కేటాయించలేదు.