విమానం ఎగరాలంటే నేల మీద ఒక సంతకం పడాలి

మా అన్న కూతురు తిరుపతిలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. సంక్రాంతికి చిత్తూరులో అందరం కలిసినప్పుడు "చిన్నాయనా, నేను పైలట్ అవుతా" అంది. మాట పూర్తి కాకముందే మా అన్న "దానికి ఎంతవుతాది?" అని నన్ను అడిగాడు. 200 గంటలు విమానం నడిపితేగానీ కమర్షియల్ పైలట్ లైసెన్స్ రాదనీ, ఆ గంటలు, పరీక్షలు, ఆపైన ఫలానా రకం విమానం నడపడానికి తీసుకునే టైప్ రేటింగ్ అన్నీ కలిపితే అర కోటి దాటిపోతుందనీ చెప్పాను. మా అన్న మళ్లీ నోరెత్తలేదు. అమ్మాయి తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట అక్కడితో ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. విమానం అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేవి రెండే కొలువులు. పైలట్ అంటే డబ్బున్నవాళ్ల చదువనుకుంటాం. ఎయిర్‌హోస్టెస్ అంటే ఆడపిల్లను పంపడానికి జంకుతాం. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో రోజూ విమానాలు దిగుతున్నా, వాటిని నడిపించే మిగతా మనుషుల గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. విమానాన్ని ఇంతదాకా తెచ్చింది ఎక్కువగా ఆ మిగతా మనుషులే.

1903 డిసెంబర్ 17న అమెరికాలోని కిట్టీ హాక్ దగ్గర రైట్ సోదరుల విమానం మొదటిసారి గాల్లో ఉన్నది 12 సెకన్లు, వెళ్లిన దూరం 120 అడుగులు. ఇది పుస్తకాల్లో అందరం చదివిందే. ఆ విమానానికి ఇంజిన్ చేసిన మనిషి పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఆయన చార్లీ టేలర్, రైట్ సోదరుల సైకిల్ షాపులో మెకానిక్. వాళ్లకు కావాల్సినంత తేలికైన ఇంజిన్ బయట ఎవరూ చేసివ్వలేదు. టేలర్ ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్ పెట్టుకుని సుమారు ఆరు వారాల్లో ఆ ఇంజిన్ తయారుచేశాడు. తిరుపతి రైల్వే వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసినవాళ్లకు ఆ ఆరు వారాల కష్టం ఏమిటో చెప్పనక్కర్లేదు.

మన దేశంలో విమానంలో టపా పంపే కథ 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్‌లో మొదలైంది. హెన్రీ పికే అనే ఫ్రెంచ్ పైలట్ సుమారు 6,500 ఉత్తరాలను నైనీకి చేరవేశాడు. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ అదే టపాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. ఆడపిల్లల విషయానికొస్తే, ప్రేమ్ మాథుర్‌ను అనేక కంపెనీలు కాదన్నాక 1947లో పైలట్‌గా తీసుకున్నది హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. మా అన్నకు ఈ సంగతి ఆరోజే చెప్పాల్సింది.

నన్ను ఎక్కువగా కదిలించేది కామెట్ కథ. 1952 మే 2న టికెట్ కొన్న ప్రయాణికులతో ఎగిరిన మొదటి జెట్ విమానం అది. 1954లో నాలుగు నెలలు తిరక్కముందే రెండు కామెట్లు మధ్యధరా సముద్రం మీద గాల్లోనే ముక్కలయ్యాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో ఇంజనీర్లు ఒక కామెట్ బాడీని నీళ్ల తొట్టిలో పెట్టారు. లోపలికి నీళ్లు ఎక్కించి ఒత్తిడి పెంచడం, మళ్లీ తగ్గించడం. ఒక్కోసారి పెంచి తగ్గిస్తే ఒక ప్రయాణం కింద లెక్క. అలా సుమారు 1,800 ప్రయాణాల లెక్క చేశాక రేకు ఒక మూల దగ్గర చిరిగింది. ఎత్తుకు వెళ్లినప్పుడల్లా బాడీ కాస్త ఉబ్బుతుంది, దిగినప్పుడు సర్దుకుంటుంది. తీగను పదేపదే వంచితే తెగినట్టే లోహమూ అలిసిపోతుంది. ఆ తర్వాతి కామెట్లలో రేకు మందం పెంచారు, కిటికీలను గుండ్రంగా చేశారు. ఈరోజు తిరుపతికి విమానంలో వచ్చే భక్తుడు మేఘాలు చూస్తూ ధీమాగా కూర్చోగలుగుతున్నాడంటే అందులో ఆ నీళ్ల తొట్టి దగ్గర నిలబడినవాళ్ల కష్టమూ ఉంది.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం బయటకు వెళ్లిపోయాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, కో-పైలట్ విమానాన్ని దింపాడు, అందరూ బతికారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, బయల్దేరడానికి 27 గంటల ముందు ఆ అద్దం మార్చినప్పుడు 90 బోల్టుల్లో 84 వ్యాసం తక్కువవి బిగించారు. తేడా అంగుళంలో వెయ్యికి 26 వంతులు. చేత్తో పట్టుకుంటే తెలియనంత.

అందుకే విమానం ఎగిరే ముందు లైసెన్స్ ఉన్న మెయింటెనెన్స్ ఇంజనీరు, చేసిన పని సరిగ్గా ఉందని సంతకం పెట్టాలి. మరమ్మతు చేసిన విమానాన్ని ఆ సంతకం లేకుండా ఎంత పెద్ద కెప్టెనూ తీసుకెళ్లలేడు. ఇంటర్ ఎంపీసీ చదివిన పిల్లలు, విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థలో ఈ ఏఎంఈ (ఎయిర్ క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరు) శిక్షణకు చేరవచ్చు. ఇంజిన్, బాడీ వైపు వెళ్తే బీ1, ఎలక్ట్రానిక్స్ వైపు వెళ్తే బీ2. కోర్సు అవగానే లైసెన్స్ చేతికి రాదు. డీజీసీఏ మాడ్యూల్ పరీక్షలు ఒక్కొక్కటీ పాసవ్వాలి, నిజమైన విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఓపిక కావాల్సిన దారి. ఖర్చు మాత్రం పైలట్ శిక్షణతో పోలిస్తే చాలా తక్కువ. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అవన్నీ వచ్చాక రాత్రిపూట వాటి బోల్టులు చూసే చేతులు కావాలి కదా.

డబ్బు లేని ఇంటి పిల్లలకు ఇంకా దగ్గరి దారి ఏటీసీ, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు పరీక్ష పెడుతుంది. బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, లేదా ఆ సబ్జెక్టులు చదివిన ఇంజనీరింగ్ అయినా చాలు. జనరల్ కేటగిరీకి 27 ఏళ్ల వయోపరిమితి. లక్షల ఫీజు అక్కర్లేదు, ఉద్యోగం వచ్చాక శిక్షణ వాళ్లే ఇస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన రాష్ట్రంలో 2023లో డిగ్రీకి సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి తెచ్చాక, చేరేటప్పుడే మార్కుల జాబితాలో రెండు సబ్జెక్టులూ ఉండేలా చూసుకోవాలి. డిగ్రీ అయ్యాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. కాలేజీల్లో అడ్మిషన్ల దగ్గర కూర్చునే లెక్చరర్లు ఈ ఒక్క మాట చెబితే ఎంతో మేలు.

ఈ ఏటీసీ ఎంపికలో ఉండే వాయిస్ టెస్ట్ అంటే, ఇంగ్లిష్ అంటే మన పల్లెల పిల్లలకు టెన్షన్. కంట్రోల్ టవర్‌లో వాడేది ముందే కట్టిపెట్టిన చిన్న చిన్న మాటలు. వినేవాడు పొరపడకూడదని తొమ్మిదిని 'నైనర్' అంటారు, మూడును 'ట్రీ' అంటారు. కావాల్సింది స్పష్టత, ఒత్తిడిలోనూ తొణకని గొంతు. చిత్తూరు యాసలో పెరిగిన పిల్లలు సాధన చేస్తే అది రాదని నేను ఒప్పుకోను.

ఈ సమాచారం లేని చోటే మోసం పుడుతుంది. మా వీధిలో ఒక అబ్బాయి 'ఎయిర్‌పోర్ట్ ఉద్యోగం గ్యారంటీ' అన్న బోర్డు చూసి చేరాడు. ఇంట్లో ఆవును అమ్మి ఫీజు కట్టారు. ఆరు నెలలు టై కట్టుకోవడం, నమస్కారం పెట్టడం నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దానికి డీజీసీఏ గుర్తింపు లేదని ఇంటర్వ్యూకి వెళ్లాకే తెలిసింది. అందుకే ఏఎంఈ శిక్షణకైనా పైలట్ శిక్షణకైనా డబ్బు కట్టే ముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ వెబ్‌సైట్‌లోని ఆమోదిత జాబితాలో ఉందేమో చూడండి. పైలట్ కావాలనుకునేవాళ్లు ఇంకొకటి కూడా చేయాలి. ఫీజు కన్నా ముందు మెడికల్ పరీక్ష చేయించుకోవాలి. రంగులు సరిగ్గా కనబడవన్న సంగతి లక్షలు కట్టాక తెలియడం కన్నా ముందే తెలియడం నయం.

2015 అక్టోబర్ 22న రేణిగుంటలో గరుడ టెర్మినల్ ప్రారంభమైంది. 2,286 మీటర్ల రన్‌వేను 3,810 మీటర్లకు పొడిగించే పని చేపట్టారు. ఆ పొడుగు కోసం చుట్టుపక్కల ఊళ్ల రైతులు పొలాలు వదులుకున్నారు. ఆ ఊళ్ల పిల్లలకు ట్రాలీలు తోసే పని, టాక్సీ నడిపే పని దొరికితే చాలనుకోవడం అన్యాయం. తిరుపతిలో ఐఐటీ ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఇదే జిల్లాలో శ్రీహరికోట ఉంది. వీటి మధ్య ప్రభుత్వ ఏఎంఈ శిక్షణ సంస్థ ఒకటి, పిల్లలు చేతులు పెట్టి విప్పి బిగించడానికి పాత విమానం ఉన్న ఒక హ్యాంగర్ (విమానాల షెడ్డు) అడగడం అత్యాశ కాదు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు కొత్త ఫ్లైట్ల కోసం రాసే ఉత్తరాల్లో ఈ కోరిక కూడా చేర్చాలి.

పోయిన వారం మా అన్న ఫోన్ చేశాడు. "ఆ టవర్ ఉద్యోగానికి డిగ్రీలో ఏం తీసుకోవాలన్నావు? ఇదిగో, పాప రాసుకుంటాదంట, చెప్పు" అన్నాడు.