జనం లేక కాదు, బస్సు టైము తప్పు
‘ఊళ్లో జనాభా వెయ్యి కూడా లేదు, బస్సు వేస్తే గిట్టుబాటు కాదు’ అని పల్లె బస్సుల మీద వచ్చిన వ్యాసంలో రాసిన మాట నేను ఒప్పుకోను. అసలు ఆ లెక్కే 2011 జనగణనది, 2021లో చేయాల్సింది వాయిదా పడింది. పైగా బస్సు ఎక్కేది ఆ ఒక్క ఊరివాళ్లేనా, చుట్టుపక్కల తండాల వాళ్లు కూడా ఆ స్టేజీ దగ్గరికే వస్తారు. మాది నర్సంపేట వైపు. కాలేజీ పిల్లలు, కూలికి పోయేవాళ్లు, హన్మకొండ దవాఖానకు పోయే ముసలివాళ్లు అంతా పొద్దున ఏడున్నరకే రోడ్డు మీద ఉంటారు, బస్సేమో పది దాటినంక వస్తుంది. అప్పటికే ఆటోలు అందరినీ ఎక్కించుకుని పోతాయి, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు కూర్చుని మరీ. తర్వాత ఆర్టీసీ వాళ్లు ఖాళీ బస్సును చూసి ఓఆర్ (సీట్లు ఎంత శాతం నిండాయనే లెక్క) రావట్లేదని రాసుకుంటే ఎట్లా? 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ, మంచిదే, కానీ బస్సే లేని టైములో మా అమ్మ ఆధార్ కార్డు ఎవరికి చూపించాలి? ఆటోకు డబ్బులు పెట్టాల్సిందే. గ్రామ సడక్ యోజన 2000లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో 500, గిరిజన ప్రాంతంలో 250 జనాభా ఉంటే రోడ్డు వేయాలని పెట్టుకున్నారు. రోడ్డుకు సరిపోయిన జనం బస్సుకు ఎందుకు సరిపోరు? పొద్దున ఏడింటికి ఒక ట్రిప్పు, సాయంత్రం కాలేజీ వదిలాక ఒకటి వేయండి, మధ్యాహ్నం ట్రిప్పు తీసేసినా మా ఊళ్లో ఎవరూ అడగరు.