తుఫాను సాయంతో తోట రైతులు లాభపడుతున్నారా?

తుఫాను వచ్చిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "పెద్ద తోటల రైతులకు నష్టమేం లేదు. పోయినదంతా ప్రభుత్వం లెక్కగట్టి ఇస్తుంది. ఎన్ని ఎకరాలుంటే అంత డబ్బు. పైగా ఇన్సూరెన్స్. అంతా మన పన్నుల సొమ్మే." దీన్ని నమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఒక్కో మాటా చూద్దాం.

పోయినదంతా ఇస్తారన్నది అబద్ధం. రైతుకు వచ్చేది పంట విలువ కాదు, ఇన్‌పుట్ సబ్సిడీ. మళ్లీ సాగు మొదలుపెట్టడానికి కొంత ఆసరా, అంతే. విపత్తు సహాయ నిధి నుంచి ఇవ్వడానికి కేంద్రం 2022–26 కాలానికి పెట్టిన రేట్లు హెక్టారుకు ఇలా ఉన్నాయి: వర్షాధార పంటకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, ఏళ్ల తరబడి నిలిచే తోటలకు 22,500. తోటకు ఎకరా లెక్కన చూస్తే 9,100 దాకా వస్తుంది. అదైనా పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే.

ఇప్పుడు కొబ్బరి రైతు సంగతి చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. వరి పోయిన రైతు తర్వాతి సీజన్‌లో మళ్లీ నాటుకోవచ్చు. పొడవు రకం కొబ్బరి మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. నిండు దిగుబడికి ఇంకా ఆగాలి. అన్నాళ్లూ నీళ్లు, ఎరువు పెడుతూనే ఉండాలి, రాబడి మాత్రం ఉండదు. అంతకన్నా ముందు పడిపోయిన మానులు కోయించాలి, మొదళ్లు పెకలించాలి, పొలం ఖాళీ చేయించాలి. దీనికంతటికీ ఎకరానికి తొమ్మిది వేలు! రాష్ట్రాలు తమ నిధుల నుంచి అదనంగా ఇవ్వొచ్చు, ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ అది ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వును బట్టి ఉంటుంది, రైతు ముందే నమ్ముకోగలిగింది కాదు.

ఎన్ని ఎకరాలుంటే అంత అన్నది పూర్తిగా తలకిందులు మాట. కేంద్ర నిబంధనల ప్రకారం ఒక రైతుకు 2 హెక్టార్ల వరకే, అంటే దాదాపు 5 ఎకరాలకే సాయం. పదెకరాల తోట మొత్తం కూలినా వచ్చేది 45,000 రూపాయలే. మార్కెట్‌ను నమ్ముకుని పెద్ద ఎత్తున పెట్టుబడి పెట్టిన రైతుకే నష్టంలో అందే వాటా తక్కువ. నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే.

ఇన్సూరెన్స్ ఉచితం కాదు. కేంద్రం నడిపే పంటల బీమా పథకం ఫసల్ బీమాలో వాణిజ్య, ఉద్యాన పంటలకు రైతు వాటా ప్రీమియం 5 శాతం వరకు ఉంటుంది, ఖరీఫ్ ఆహార పంటలకైతే 2 శాతమే. తోటలకు ఎక్కువగా వర్తించే వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం లెక్కకట్టేది వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, గాలి అంకెలను బట్టి. ఆ వాతావరణ కేంద్రం దగ్గర గాలి తక్కువ నమోదైతే, కళ్లెదుట చెట్లు పడి ఉన్నా డబ్బు రాకపోవచ్చు.

పన్నుల సొమ్మే, నిజం. అదే నిధి నుంచి పడవలు, వలలు పోయిన మత్స్యకారులకు, ఇళ్లు కూలిన కుటుంబాలకు కూడా సాయం వెళ్తుంది. వాళ్లను ఎవరూ లాభపడ్డారనరు.

ఇక కౌలుకు తోట చేసేవాళ్ల ఊసే ఆ మెసేజ్‌లో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు కార్డుకు భూయజమాని సంతకం కావాల్సి వచ్చింది. సంతకం పెట్టడానికి చాలామంది యజమానులు జంకుతారు. కార్డు లేక, ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో పేరు ఎక్కక, పెట్టుబడంతా తనదే అయినా సాయం జాబితాలో లేని కౌలు రైతుకు ఆ 9,100 కూడా అందదు.