మహారాజశ్రీ తరుగు గారికి

మహారాజశ్రీ తరుగు గారి దివ్య సముఖమునకు, వరంగల్ జిల్లా నుంచి ఒక వరి రైతు కొడుకు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోతే చెయ్యి ఆడటం లేదు. మీరు మాత్రం దినదినాభివృద్ధి చెందుతున్నారని మొన్న కాంటా మీద కళ్ళారా చూశాను. తూకంలో మా సంచుల నుంచి అదనంగా తీసుకునే గింజలకు మీ పేరే పెట్టారు. పేరేమో తరుగు, చేసేదేమో పెరగడం. ఇంత చమత్కారమైన నామకరణం మీకు ఎవరు చేశారో గానీ వాళ్ళకో దండం.

మొన్నటి వానకాలం వడ్ల సంగతి చెప్తున్నాను. ఊరి బయట కొనుగోలు కేంద్రంలో పదిహేడు రోజులు పరదాలు కప్పుతూ, విప్పుతూ కూర్చున్నాం. మబ్బు పడితే కప్పాలి, ఎండ కొడితే విప్పాలి. ఆఖరికి మా వంతు వచ్చింది. తేమ మిషన్‌లో గుప్పెడు గింజలు పోస్తే 16.8 చూపించింది. పదిహేడు దాటొద్దని రూలు కదా, ఇంటర్ పాసైనప్పుడు కూడా నేనంత సంబరపడలేదు. తర్వాత కాంటా. సంచి బరువు కలుపుకొని 40 కిలోల 600 గ్రాములు రావాలి. ఎర్ర అంకెలు అక్కడికి వచ్చి నిలబడ్డాయి. కాంటా పెట్టే పిల్లగాడు మాత్రం నిలబడలేదు. పక్కనున్న డబ్బాతో ముంచి ఇంకో రెండు కిలోలు పోశాడు.

“అన్నా, నలభై దాటింది గదా” అన్నాను.

“నాకేం ఎరుక అన్నా, గట్ల పెట్టకుంటే మిల్లోళ్ళు దించుకోరట” అన్నాడు, నా మొహం కేసి చూడకుండానే.

“ఎందుకు దించుకోరు?”

“తాలు ఉంటదట.”

తాలు, అంటే గింజ పట్టని పొట్టు, తీసే మిషన్ వేపచెట్టు కింద పరదా కప్పుకొని నిద్రపోతోంది. దాన్ని లేపుదామా అని అడిగితే, లేపితే మీ వంతు వెనక్కి పోతుందన్నారు. వద్దన్నాను. అట్లా 186 సంచులు. సంచికి రెండు కిలోల లెక్కన 372 కిలోలు. 2025-26లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు కాబట్టి మీకు మా ఇంటి నుంచి ముట్టిన సంభావన 8,887 రూపాయలు. అందులో మీ వాటా ఎంతో, పిల్లగాడి వెనకున్నవాళ్ళ వాటా ఎంతో, మిల్లు వాటా ఎంతో నాకు తెలియదు. రశీదులో ధర ఉంది, తేమ ఉంది, సంచుల లెక్క ఉంది. మీ పేరే లేదు. ఇంత పని చేసి పేరు కోరుకోని నాయకుణ్ణి ఈ జిల్లాలో ఇంకొకర్ని చూడలేదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. వడ్ల తర్వాత పత్తి తీసుకొని వరంగల్ వచ్చాను. తెల్లారేదాకా ఏనుమాముల మార్కెట్ రోడ్డు మీద చాయ్ బండి కాడ కూర్చోవాల్సి వచ్చింది. తోడు ఇద్దరు. ఒకరు మా చిన్నాయన. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజం జాహీ మిల్లులో మగ్గం కాడ పనిచేసి, యూనియన్ జెండా మోసి, మిల్లు మూతబడ్డాక కూడా ఆ జెండా దించనివాడు. రెండోవారు మా బావ. అడ్తి దుకాణంలో గుమస్తా. సెల్‌ఫోన్‌లో షేర్ల ధరలు చూడనిదే చాయ్ తాగడు. మీ గురించే పంచాయితీ నడిచింది.

“సొంత ఆస్తి ఉన్నన్ని రోజులు తరుగు ఉంటది బిడ్డా. మిల్లు లాభం కోసం నడుస్తది, లాభం యాడికెళ్ళి వస్తది? నీ సంచిలకెళ్ళే” అన్నాడు చిన్నాయన.

“ఏం మామా, వడ్లు కొన్నది సర్కారు గదా! సర్కారు చేయి పెట్టినకాడనే తరుగు. పదిమంది ఖరీదుదార్లు పోటీ పడితే ఎవడు తీస్తడు తరుగు?” అన్నాడు బావ.

పోటీ సంగతి నాకు కొంత ఎరుకే. మిర్చి యార్డుల్లో పొద్దున్నే జెండా పాట పాడతారు. పాటలో పలికిన పెద్ద ధర మధ్యాహ్నానికి టీవీలో వస్తుంది, ఇంట్లో ఆడవాళ్ళు ఆ ధరకు మన బస్తాల్ని గుణించి బంగారం ఆలోచిస్తారు. చేతికి వచ్చే తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, మీద మాత్రం వేరే అంకె ఉంటుంది. పత్తిదీ అంతే. సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ కాడికి పోతే తేమ 12 శాతం దాటితే ముట్టరు. ప్రైవేటుకు పోతే ఎంత తేమ ఉన్నా ముడతారు, ధర మాత్రం వాళ్ళే పలుకుతారు. రెండు చోట్లా మీరే కదా సార్ దర్బారు తీరేది!

చిన్నాయనకు మీ వంశవృక్షం మొత్తం నోటికొచ్చు. నాగు పేరుతో గింజల అప్పుకు గింజలే వడ్డీగా గుంజిన దొరల కాలం, రెండో ప్రపంచ యుద్ధంలో నిజాం సర్కారు లెవీ గల్లా పేరుతో రైతుల ధాన్యం వసూలు చేస్తే పెద్ద దొరలు తప్పించుకొని ఆ బరువు చిన్న రైతుల నెత్తిన పెట్టిన సంగతి, పాలకుర్తిలో ఐలమ్మ పంట మీదికి విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు రావడం, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడం, అన్నీ వరస పెట్టి చెప్పాడు. గొంతు వణికింది. అక్కడ నాకు వెటకారం రాలేదు, మీకూ రాదనుకుంటాను. సంచికి రెండు కిలోలు ఎక్కువ తీస్తే ‘పోనీలే’ అనుకునే మేము, అదే నేల మీద ‘పోనీయం’ అన్నవాళ్ళ మనుమలం.

కానీ ఆ పోరాటం ఎగరేసిన ఎర్ర జెండానే ఇంకోచోట రాజ్యం ఏలినప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి కదా. మనది పత్తి జిల్లా కాబట్టి పత్తి సంగతే చెప్తాను. సోవియట్ యూనియన్‌లో పత్తి ఎక్కువగా పండేది ఉజ్బెకిస్తాన్‌లో. అక్కడ అడ్తి లేదు, షావుకారు లేడు, పాట లేదు. భూమి ప్రజలది, జిన్నింగు మిల్లు ప్రజలది, కాంటా కూడా ప్రజలదే. మాస్కో ఏటేటా టార్గెట్ పెంచింది. బడి పిల్లల్ని కూడా చేనులోకి తోలినా అంత పత్తి రాలేదు. అప్పుడు మీ తమ్ముడు పుట్టాడు. మీకు తెలియకపోవచ్చు, ఆయన పేరు పెరుగు.

మీరు ఉన్న పత్తిని లేనట్టు రాస్తారు, ఆయన లేని పత్తిని ఉన్నట్టు రాస్తాడు. సమష్టి క్షేత్రం పెద్దమనిషి రాని పత్తిని వచ్చినట్టు రాయించి జిన్నింగు డైరెక్టరు చేతులు తడుపుతాడు. ఆ డైరెక్టరు రష్యాలోని బట్టల మిల్లువాళ్ళ చేతులు తడిపితే, వాళ్ళు ఖాళీ వ్యాగన్లను నిండు వ్యాగన్లని, నాసి సరుకును మేలు రకమని రాసుకొని సంతకం పెడతారు. ఖజానా నుంచి రూబుళ్ళు మాత్రం నిజంగానే వస్తాయి. 1959 నుంచి అక్కడ పార్టీ మొదటి కార్యదర్శిగా ఉన్న షరాఫ్ రషీదోవ్ 1983లో చనిపోయే నాటికి విచారణ మొదలైంది. చివరికి బ్రెజ్నెవ్ అల్లుడు, హోంశాఖ ఉపమంత్రిగా చేసిన చుర్బనోవ్‌కు 1988లో పన్నెండేళ్ళ జైలు పడింది. అల్లుడికి అత్తగారి ఊళ్ళో మర్యాదలు ఎక్కువని మనమే అనుకుంటాం!

చైనాలో 1958లో ఇదే పెరుగు ఇంకా పెద్ద కుండలో తోడుకుంది. కమ్యూన్ల పెద్దలు పోటీలు పడి లేని దిగుబడి రాశారు. రాసిన లెక్క ప్రకారం సర్కారు గింజలు ఎత్తుకుపోయింది. కాగితం మీద పెరిగిందంతా పళ్ళెంలో తరిగింది. కోట్ల మంది ఆకలితో చచ్చిపోయారు.

ఇదంతా నేను చెప్తుంటే చిన్నాయన చాలాసేపు గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: “అది అసలు సోషలిజం కాదు బిడ్డా. అండ్ల కల్తీ కలిసింది.”

బావ తొడ చరిచి నవ్వాడు. నవ్వు అయ్యేదాకా ఆగి, “మరి సత్యం కంప్యూటర్స్ బావా?” అన్నాను. 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు కదా, లెక్కల్లో చూపించిన నగదులో, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని. అక్కడ పార్టీ కార్యదర్శి లేడు, టార్గెట్ పెట్టిన మాస్కో లేదు. టార్గెట్ పెట్టింది షేర్ మార్కెట్. పేరున్న ఆడిటర్లే ఖాళీ వ్యాగన్లు చూసి నిండుగా ఉన్నాయని సంతకం పెట్టారు. హైదరాబాదు పెరుగుకూ తాష్కెంటు పెరుగుకూ తోడు ఒకటే.

“అది అసలు మార్కెట్ కాదు బామ్మర్దీ. ఒక్క మనిషి కక్కుర్తి” అన్నాడు బావ.

అప్పుడు నాకు మా ఊరి వేపచెట్టు కింది మిషన్ గుర్తొచ్చింది. ఇద్దరూ తమ తమ సిద్ధాంతాన్ని అందులో పోసి తిప్పుతున్నారు. ఒకాయనకు ఉజ్బెకిస్తాన్ తాలు, చైనా తాలు. ఇంకొకాయనకు సత్యం తాలు, 1992 నాటి హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం తాలు. గిట్టనిదంతా గాలికి ఎగిరిపోతోంది. కింద రాలిన మేలు గింజ ఏ దేశంలో పండిందయ్యా అంటే మాత్రం ఇద్దరూ చాయ్ బండి వైపు చూశారు. వడ్లకు పట్టించే మిషన్ దొరకదు గానీ సిద్ధాంతాలకు మాత్రం ఇరవై నాలుగు గంటలూ కరెంటే.

వియత్నాం సంగతి చెప్పి ఇద్దర్నీ కలిపేద్దామనుకున్నాను. కమ్యూనిస్టు పార్టీ రాజ్యంలో ప్రైవేటు బ్యాంకును గుల్ల చేసిన షావుకారమ్మకు 2024లో మరణశిక్ష వేశారు, ఆమె గుల్ల చేసింది మన లెక్కలో లక్ష కోట్ల పైమాట. ఈ పేకాటలో ఎర్ర జెండా ఎవరిదో, పచ్చ నోటు ఎవరిదో తేల్చండి అన్నాను. తేలలేదు. చాయ్ పైసలు ఎవరు ఇవ్వాలన్నదే తేలలేదు, అదెక్కడ తేలుతుంది.

తరుగు గారూ, మీకు జెండా రంగుతో పని లేదని నాకు ఆ రాత్రే అర్థమైంది. మీకు కావలసింది మూడే వస్తువులు: కాంటా ఒకడి చేతిలో ఉండాలి, ఇంకో కాంటాకు పోయే దారి నాకు ఉండొద్దు, మబ్బు పట్టాలి. మూడోది లేకపోయినా సర్దుకుంటారు. హాంకాంగ్‌వాళ్ళు పోలీసుల లంచాలతో విసిగిపోయి 1974లో పోలీసులకు సంబంధం లేని వేరే విచారణ సంస్థ పెట్టారు. సింగపూర్‌లో అలాంటిది 1952 నుంచే ఉంది. అక్కడివాళ్ళు పెట్టుబడిని వదులుకోలేదు, విప్లవమూ చేయలేదు. తూచేవాడొకడు, తూకం చూసేవాడొకడు, చూసేవాడికి తూచేవాడి భయం లేదు. అంతే చేశారు. అంతే అన్నాను గానీ, అదే కష్టం. మా ఊళ్ళో ఒక ముసలమ్మ ఇంట్లో పప్పులు తూచుకునే చిన్న తక్కెడ పట్టుకొచ్చి కేంద్రంలో కూర్చుంది. డబ్బాతో మీరు పోసిందాన్ని మళ్ళీ తీసి అందులో తూచి, తన గోనెలో పోసుకుంది. ఆమె సంచులకు మీరు అంటలేదు. మర్నాటి నుంచి ఆమె బంధువుల సంచులన్నీ ఆఖర్న కాంటాకెక్కాయి. అందుకే రెండో ముసలమ్మ రాలేదు.

కాకతి గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో శాసనం చెక్కించాడట. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు పాత రాజులు గుంజుకునేవారు, మేం గుంజుకోం, కట్టిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని. రాయి మీద చెక్కించాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది, అప్పటికే మీరు రేవులో దిగి స్నానపానాదులు ముగించారని.

ఇక నా సంగతి. నేనేం తులసి మొక్కను కాదు. గన్నీ సంచులు ముందు ఇప్పించుకోవడానికి ఐదు వందలు చాయ్ పైసలు ఇచ్చింది నేనే. మా నాయన ఆరిన పత్తి పైన పెట్టి, మంచుకు తడిసింది అడుగున పెట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మరి పైసలైతే ఏసీబీకి పట్టించొచ్చు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు, పుచ్చుకున్నవాడి వేళ్ళు బట్టల సోడా కలిపిన నీళ్ళలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. వడ్లకు ఆ పొడి ఎలా పూయాలి? పూసినా ఎవరి వేళ్ళు ముంచాలి? కాంటా పిల్లగాడి వేళ్ళు ముంచితే దుమ్ము తప్ప ఏమీ రాదు.

కాబట్టి నా మనవి చిన్నది. మిమ్మల్ని పొమ్మనడం లేదు. మీ పేరు రశీదులో రాయించుకోండి. తేమ పక్కన ఒక గడి: ‘తరుగు, 2 కిలోలు.’ దాని ఎదురుగా తీసినవాడి సంతకం. ఇన్నేళ్ళ సేవకు ఆ మాత్రం గుర్తింపు మీకు రావద్దా?

ఇట్లు,
మీకు ఏటా రెండు పంటలు కప్పం కడుతున్న
విధేయుడు

తా.క.: ఉత్తరం మడుస్తుండగా కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. మా పక్క చేను వడ్ల లారీ మిల్లు గేటు ముందు మూడు రోజులుగా ఆగిందట. సంచికి ఇంకో కిలో ఒప్పుకుంటే ఈ రాత్రికే దించుకుంటరట. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు ఊళ్ళో లేరు, నన్ను అడిగి చెప్పమన్నారు. మబ్బు పట్టింది. నేనేం చెప్పానో మీకు ఈపాటికి చేరే ఉంటుంది.