వెంజెన్స్ విమానం అంత పనికిమాలినదేం కాదు

రెండో ప్రపంచ యుద్ధంలో మన వైమానిక దళం 7వ స్క్వాడ్రన్ (విమానాల దళం) గురించి వచ్చిన వ్యాసంలో దాని గురించి బాగానే రాశారు గానీ, వాళ్లు నడిపిన డైవ్ బాంబర్ (నిట్టనిలువుగా దూకి బాంబు వేసే విమానం) వల్టీ వెంజెన్స్‌ని 'ముక్కు పైకెత్తుకుని ఎగిరే డొక్కు విమానం' అని కొట్టిపారేశారు. అది లోపం కాదు, కావాలని అలా కట్టారు. రెక్కని బాడీకి సున్నా డిగ్రీల కోణంలో బిగించారు. మామూలు విమానాల్లో రెక్క కొంచెం వాలుగా ఉంటుంది. దాంతో నిట్టనిలువుగా దూకినప్పుడు కూడా కాస్త లిఫ్ట్ (రెక్క విమానాన్ని ఎత్తే బలం) పుట్టి, విమానం గురి గీత నుంచి పక్కకి జరిగిపోతుంది. వెంజెన్స్‌లో ఆ బాధ లేదు, తిన్నగా 90 డిగ్రీల్లో దిగేది. రెక్కల పైనా కిందా తెరుచుకునే ఎయిర్ బ్రేకులు వేగాన్ని అదుపులో ఉంచేవి. పైలట్ చూసుకోవాల్సింది ఒకటే: విమానం పక్కకి జారకూడదు. జారిందా, బాంబు కూడా అటే పోతుంది.

మూల్యం మాత్రం చెల్లించారు. సమంగా ఎగరాలంటే ముక్కెత్తాలి, ల్యాండింగ్‌లో ముందు ఏమీ కనపడదు. అందుకే తర్వాతి మోడల్ మార్క్ 4లో రెక్కకి 4 డిగ్రీల కోణం ఇచ్చారు. మనవాళ్లు వాడినవి అంతకు ముందువి.

ఇంకోటి, ఈ స్క్వాడ్రన్ పుట్టింది మన విశాఖలోనే, 1942 డిసెంబర్ 1న. వ్యాసంలో ఆ ముక్కే లేదు! 1944లో అస్సాంలోని ఉదర్‌బంద్ నుంచి బర్మా మీదకి వెళ్లేవారు. లోపల రెండు 500 పౌన్లవి, రెక్కల కింద రెండు 250 పౌన్లవి, మొత్తం 1,500 పౌన్ల బాంబులు. అడవిలో దాగిన బంకర్లకీ వంతెనలకీ ఇంతకన్నా సరైన ఆయుధం అప్పట్లో మన వైమానిక దళం దగ్గర లేదనే నా అభిప్రాయం.