తవ్విన గుంత చెరువైపోదు

ఊరి చివర గుట్ట ఉండేది. రోడ్డుకనీ, లేఅవుట్‌కనీ, కాలువ కట్టకనీ టిప్పర్లు దాన్ని మోసుకుపోయాయి. ఇప్పుడక్కడ గుంత మిగిలింది. నిలువు గోడ మీద పొక్లెయిన్ పళ్ల గీతలు ఇంకా చెరగలేదు. వానలు పడితే ఎర్ర నీళ్లు నిండుతాయి, గేదెలు దిగుతాయి, వాటి వెనకే పిల్లలూ దిగుతారు. రెండడుగులు వేసేదాకా మోకాలి లోతే, మూడో అడుగుకి కాలికింద నేల ఉండదు. సంక్రాంతికి నీళ్లు సగమవుతాయి, శివరాత్రికి బురద నెర్రెలిచ్చి ఉంటుంది. ఏ ఊరని అడక్కండి, మీకు తెలిసిన గుంత ఒకటి ఉండే ఉంటుంది.

తవ్వకం లీజు అయిపోయాక కాగితం మీద దీన్ని ‘నీటికుంట’ అని రాసేస్తే పని అయిపోయిందనుకునే అలవాటు మీదే మా అభ్యంతరమంతా. గ్రావెల్ నేల జల్లెడ లాంటిది. కింద ఏదైనా పరిస్తే తప్ప అది నీళ్లు పట్టదు.

తవ్విన గుంతలో నీళ్లు నిలపడం కొత్త విద్యేం కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరానికి దిగువన సౌత్ ప్లాట్ నది పక్కన గ్రావెల్ తవ్విన గుంతలే ఇవాళ నగరాలకు రిజర్వాయర్లు. అక్కడి కంపెనీలకు మనకంటే మంచి బుద్ధి ఉండి కాదు, చట్టం మెడ మీద కూర్చుంది కాబట్టి. గుంత తవ్వి భూగర్భ జలాన్ని ఎండకు వదిలితే, ఆవిరైన ప్రతి చుక్కా దిగువన నీటి హక్కు ఉన్న రైతుదే అన్నది అక్కడి లెక్క. ఆ నీటిని ఏటా తిరిగి ఇవ్వాలి. ఆ బాధ పడలేక గుంత చుట్టూ సన్నటి కందకాన్ని, కింద గట్టి రాయి తగిలేదాకా తవ్వి, తడిస్తే ఉబ్బి నీళ్లను ఆపే బెంటొనైట్ మట్టి కలిపి నింపేస్తారు. బయటి ఊట లోపలికి రాదు, లోపలి నీరు బయటికి పోదు. పని బాగుందని ఇంజినీరు సంతకం పెడితే చాలదు, 90 రోజుల లీకేజీ పరీక్ష నెగ్గాలి. నెగ్గితే అది ఆస్తి, నగరాలే వచ్చి కొనుక్కుంటాయి.

మన గుట్టల గుంతలకు ఆ కందకం పద్ధతి అతకదు, అది ఏటి ఒడ్డు ఇసుక నేలల సంగతి. మనకు అడుగునా, వాలు మీదా పరిచే పొర కావాలి. పంట కుంటల్లో వేసే 500 మైక్రాన్ల షీటు మన రైతులకు కొత్తేం కాదు, కాకపోతే మేక గిట్ట దిగినా, ఎండ తగిలినా దానికి ఆయుష్షు తక్కువ, కాబట్టి పైన అడుగు మందాన మట్టి కప్పాలి. ఇంకోటి మన నల్లరేగడే. తడిపి, రోలరుతో దిమ్మిస్తే నీళ్లు దిగవు. ఎండితే పగులుతుంది కాబట్టి గుంతను పూర్తిగా ఖాళీ చేయకూడదు. అసలు ఏ పొరైనా నిలువు గోడకు నిలవదు, అందుకని వాలు చెక్కాల్సిందే. అదే వాలు జారిపడ్డ పిల్లాడు పైకి ఎక్కి రావడానికీ పనికొస్తుంది.

లాభమెంతో చూద్దాం. 5 ఎకరాల గుంత, సగటు లోతు 5 మీటర్లు అనుకుంటే లక్ష ఘనపు మీటర్లు. 2022లో మొదలైన అమృత్ సరోవర్ పథకంలో ఒక్కో చెరువుకి పెట్టుకున్న సామర్థ్యం 10 వేల ఘనపు మీటర్లే. మనిషికి రోజుకి 55 లీటర్ల చొప్పున 3,000 మంది ఉన్న ఊరికి వంద రోజుల వేసవికి కావలసింది 16,500 ఘనపు మీటర్లు. రోజుకి 8 మిల్లీమీటర్లు ఆవిరైతే ఆ వంద రోజుల్లో సూర్యుడు తాగేదీ సుమారు అంతే. అయినా బోలెడు మిగులుతుంది.

అలాగని ప్రతి గుంతకీ షీటు వేసేయమని మేం అనడం లేదు. చుట్టూ బోర్లు ఎండిపోతున్న చోట అది ఇంకుడు చెరువుగా ఉండడమే మేలు, దానికి అడుగు మూసేస్తే ఉన్న ఊట కూడా పోతుంది. కాలువో వాగు మళ్లింపో లేనిచోట పొర పరిచినా దండగే, నింపడానికి నీళ్లేవి? ఏ గుంత దేనికన్నది తవ్వకముందే తేలాలి, ఎందుకంటే పొక్లెయిన్ మొదటి బకెట్ దిగినప్పుడే వాలు, లోతు, పైమట్టి ఎక్కడ కుప్ప పోయాలన్నది నిర్ణయమైపోతుంది. తవ్వేసి వెళ్లిపోయాక ఆ పైమట్టి కోసం మళ్లీ ఇంకో గుట్ట తవ్వాలి (ఇదీ జరిగేదే!).

గ్రావెల్ లాంటి చిన్న ఖనిజాలకైనా, 5 హెక్టార్లలోపు లీజులకైనా పర్యావరణ అనుమతి తప్పదని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ అనుమతి కాగితంలోనే గుంత భవిష్యత్తు కూడా రాయాలి. తవ్విన ఖనిజానికి ప్రభుత్వం సీనరేజి రుసుము వసూలు చేసినట్టే పొరకూ, వాలుకూ, కంచెకూ అయ్యే ఖర్చును డిపాజిట్‌గా ముందే కట్టించుకోవాలి. నింపి, మూడు నెలలు నీటిమట్టం కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద అంటించాకే డిపాజిట్ వెనక్కివ్వాలి.