నాట్లు పడ్డాక 40 రోజులు మందు డబ్బా మూత తీయొద్దు

వానాకాలం వరి నాట్లు పడి పక్షం తిరగకముందే ఊళ్లలో ఒక తంతు మొదలవుతుంది. యూరియాలో పురుగుమందు గుళికలు కలిపి మడంతా చల్లేస్తారు. పురుగు వచ్చిందా అని చూసేవాళ్లు తక్కువ, వస్తుందేమోనని చల్లేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ఆకు మీద నాలుగు తెల్లచారలు కనిపిస్తే ఒక స్ప్రే, ఎక్కడో రెండు మొవ్వులు ఎండితే ఇంకో స్ప్రే. తీరా పొట్ట దశలోనో, ఈనే దశలోనో దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ కమ్ముకుని మడి మధ్యలో గుండ్రంగా కాల్చినట్టు ఎండిపోయాక, 'ఈ ఏడు దోమ జాస్తి' అని వాతావరణం మీదకు తోసేస్తాం. సూటిగా చెప్తాను. ఆ దోమను చాలావరకు మనమే పెంచాం. నాటిన మొదటి నెలలో చల్లిన మందుతోనే పెంచాం.

బడిలో నేర్చుకున్న ఆహార గొలుసు అందరికీ గుర్తే. గడ్డిని మిడత, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద. ఆ వరస తప్పని అనను. దాన్ని నమ్ముకుని వరి సాగు చేస్తేనే చిక్కు. ఆ లెక్కన వరిని దోమ తింటుంది, దోమను సాలీడు తింటుంది. దోమ లేని రోజుల్లో సాలీడుకు తిండి ఉండదు, దోమ వచ్చాక సాలీడు పెరిగేలోపు పంట పోతుంది, కాబట్టి ముందే మందు కొట్టుకోవాలి. వినడానికి ఎంత సబబుగా ఉంది! మందుల షాపు కౌంటర్ దగ్గర నడిచే వ్యవహారమంతా ఈ లెక్క మీదే. 1927లో ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ ఆహార గొలుసుల గురించి రాసినప్పుడే అవి ఒకదాంతో ఒకటి అల్లుకుని ఉంటాయని కూడా చెప్పాడు. మనకు మాత్రం బాణం గుర్తులే మిగిలాయి.

మడిలో జరిగేది వేరు. దమ్ము చేసేటప్పుడు కిందటి పంట కొయ్యకాళ్లు, గడ్డీగాదం, పశువుల ఎరువు బురదలో కలిసి కుళ్లుతాయి. ఆ కుళ్లు మీద బ్యాక్టీరియా, నిలవ నీళ్లలో నాచు పెరుగుతాయి. వాటిని తిని బతికే చిన్నా చితకా జీవులు కోకొల్లలు. అందులో ముఖ్యమైనవి కైరోనమిడ్లు అనే కుట్టని దోమలు. మడిలోంచి గుప్పెడు బురద తీసి తెల్లటి పళ్లెంలో కడిగితే ఎర్రగా, సన్నగా మెలికలు తిరిగేవి వీటి పిల్లలే. ఇవి వరి ఆకును ముట్టవు, కాండం జోలికి పోవు. అందుకే వీటికి వ్యవసాయ కరపత్రాల్లో చోటు లేదు. కానీ ఇవి రెక్కలు వచ్చి నీళ్లలోంచి పైకి తేలే వేళకు సాలీళ్లు దుబ్బుల మొదట్లో కాచుకుని ఉంటాయి. నాటిన తొలి వారాల్లో సాలీడు కడుపు నింపేది సుడిదోమ కాదు, ఈ అనామక పురుగులు.

విలియం సెటిల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇండోనేషియాలోని జావాలో వరి మడులను పట్టుకుని కూర్చుని తేల్చిన సంగతి ఇది. 1996లో అచ్చయింది. మడిలో సేంద్రియ పదార్థం పెంచితే ముందు ఈ కుళ్లు తినే పురుగులు పెరిగాయి, వాటి వెనకే వాటిని వేటాడేవి పెరిగాయి. అంటే సుడిదోమ మడిలో దిగేటప్పటికే కాపలా సిద్ధంగా ఉంటుందన్నమాట. నా దృష్టిలో గత అర్ధశతాబ్దంలో వరి రైతుకు సైన్స్ చెప్పిన అతి విలువైన మాట ఇదే. కొత్త వంగడాల కన్నా విలువైనది. పేడకూ సాలీడుకూ చుట్టరికం ఉందని తెలిస్తే ఎరువు ఖర్చును, పురుగు ఖర్చును వేర్వేరు పద్దుల్లో రాయడం మానేస్తాం.

ఇప్పుడు ఆ మడిలో గుళికలు పడితే ఏమవుతుందో చూడండి. గుళికల మందుల్లో ఒకటైన కార్బోఫ్యూరాన్ నీళ్లలో కరిగి ముందు ఆ బురదలోని జీవులను తినేస్తుంది. పిట్టలనూ వదలదు. పక్షుల చావులు చూసే అమెరికా 1990ల్లో ఆ గుళికలకు దాదాపు తలుపులు మూసింది. పైన కొట్టే స్ప్రే ఆకుల మధ్య తిరిగే సాలీళ్లను, దోమ గుడ్లను పీల్చే పచ్చటి మిరిడ్ నల్లిని, నీటి మీద పరిగెత్తుతూ కింద పడ్డ పిల్లదోమలను పట్టే సన్నపాటి పురుగులను ఊడ్చేస్తుంది. సుడిదోమ గుడ్లు మాత్రం భద్రం. తల్లిదోమ కాండాన్ని చుట్టి ఉండే ఆకుతొడుగును చీల్చి లోపల గుడ్లు పెడుతుంది, మందు అక్కడికి చేరదు. వారం పది రోజుల్లో అవి పగిలి పిల్లలు బయటికి వచ్చేసరికి మడిలో శత్రువన్నవాడే ఉండడు. ఒక్కో తల్లి వందల గుడ్లు పెట్టే జాతికి ఇంతకన్నా ఏం కావాలి? పీటర్ కెన్‌మోర్ అనే శాస్త్రవేత్త 1970ల చివర్లో ఫిలిప్పీన్స్‌లో గమనించింది ఇదే: మందు కొట్టిన మడుల్లోనే దోమ విరగబడింది. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం మందులు కొడితే దోమ తిరగబెడుతుందని మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలూ ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నాయి. వినేదెవరు?

ఇండోనేషియా విన్నది, చేతులు కాలాక. 1980ల నడుమ అక్కడ మందుల ధరలో 80 శాతం దాకా సర్కారే భరించేది. దోమ దేశాన్ని ఊపేసింది. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో వరి మీద 57 రకాల మందులను నిషేధించాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో సబ్సిడీ కూడా ఎత్తేశారు. దిగుబడి కూలిపోతుందన్నవాళ్ల జోస్యం ఫలించలేదు, ఉత్పత్తి పెరిగింది. సుహార్తో పరిపాలన మీద నాకే ప్రేమా లేదు, కానీ ఈ ఒక్క సంతకానికి ఆయనకు దండం పెట్టాలి. వియత్నాం దారి ఇంకా సాదాసీదాది. 1990ల్లో మెకాంగ్ డెల్టాలో 'మొదటి 40 రోజులు మందు కొట్టొద్దు' అని రేడియోలో, పోస్టర్లలో ఊదరగొట్టారు. తొలి దశలో ఆకు కొంత పోయినా వరి కొత్త ఆకు వేసి సర్దుకుంటుంది, గింజ తగ్గదు అన్నది దాని వెనక సంగతి. స్ప్రేలు సగం దాకా తగ్గాయి. మళ్లీ ప్రచారం చల్లబడి మందుల ప్రకటనలు వేడెక్కాక, 2006 ప్రాంతంలో అదే డెల్టాలో దోమ, దాంతో వచ్చే వైరస్ తెగుళ్లు మళ్లీ విరుచుకుపడ్డాయి.

కౌలు రైతు మాటేమిటని అడుగుతారు. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే మాట ఇచ్చినవాడు సాలీడును నమ్ముకుని పడుకోగలడా? న్యాయమైన ప్రశ్నే. ఉల్లికోడు, కాండం తొలుచు పురుగు నిజంగా ఉన్న చోట నారుమడిలో, నారు పీకే ముందు గుళికలు వేయమని శాస్త్రవేత్తలే చెప్తారు. సెంట్ల విస్తీర్ణంలో వేసేది వేరు, ఎకరాల్లో చల్లేది వేరు. దోమనే చంపి మిగతా పురుగులను పెద్దగా తాకని కొత్త మందులు వచ్చాయనీ అంటారు. వచ్చాయి, దుబ్బుకు ఇన్ని దోమలన్న లెక్క దాటిన రోజున వాడుకోండి. నా పేచీ రాని పురుగుకు కొట్టే మందుతో. ఆ భయంతో కౌలు రైతు ముందే పెట్టే ఖర్చు, చివర్లో దోమకు పెట్టే ఖర్చు కలిపి చూస్తే, ఆ 'భద్రత' ఎవరిదో తెలుస్తుంది.

అసలు తగువు ఇక్కడే ఉంది. మన పొలాల్లో పురుగు గురించి రైతుకు సలహా ఇచ్చేదెవరు? మందు అమ్మేవాడు. ఇది రహస్యమేం కాదు, సర్కారే ముద్ర వేసింది. హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ 'మేనేజ్' 2003 నుంచి డీలర్లకు ఏడాది డిప్లొమా ఇస్తోంది, వాళ్లను సగం విస్తరణాధికారులుగా తీర్చిదిద్దుదామని. డీలర్‌కు చదువు రావడం మంచిదే. కానీ 'ఈ వారం ఏమీ కొట్టకు, ఇంటికెళ్లు' అన్న సలహాతో షాపు అద్దె కట్టగలిగే డీలర్‌ను ఏ డిప్లొమా తయారు చేస్తుంది? డబ్బా అమ్మని సలహా ఇవ్వాల్సింది జీతం తీసుకునే ఉద్యోగి. తెలంగాణలో 5,000 ఎకరాలకో వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) ఉన్నారు, రైతు వేదికలు 2,600 పైచిలుకు కట్టారు. ఆంధ్రలో ఊరూరా రైతు సేవా కేంద్రం ఉంది. వాళ్లేమో పంట నమోదు, ఈ-కేవైసీ, బీమా, పథకాల జాబితాలతో ఫోన్‌లోంచి తలెత్తరు. మడిలో కాలు పెట్టే తీరిక వాళ్లకు ఇచ్చిందెవరు?

పెడితే పని అయిదు నిమిషాలే. దుబ్బును కాస్త పక్కకు వంచి, మొదలు మీద అరచేత్తో రెండు తట్లు తట్టి, కింద నీళ్లలోకి చూడాలి. గోధుమ రంగువి పక్కలకు నడుస్తూ, గెంతుతూ కనిపిస్తే సుడిదోమ. నీళ్ల మీద బిరబిరా పరిగెత్తేది సాలీడు. పచ్చగా, సన్నగా, చురుగ్గా తిరిగేది మిరిడ్ నల్లి. పొలం గట్టు మీదే పాఠం చెప్పే పొలంబడికి వెళ్లిన రైతులు దీన్ని చార్టు మీద బొమ్మ గీసి మరీ నేర్చుకున్నారు. ఆ బడులను విడతకో పేరు మార్చి నడపడం తప్ప పెంచింది లేదు.

మన సిఫారసుల్లోనూ ఒక లోటుంది. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనే దశలో 20–25 దోమలుంటే మందు కొట్టాలని కరపత్రం చెప్తుంది. పక్కన ఎన్ని సాలీళ్లున్నాయో అడగదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ మాత్రం రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు జోలికి పోవద్దని శిక్షణ ఇస్తుంది. ఆ సూత్రం రాజేంద్రనగర్ దాటి మండలానికి రాకపోవడానికి కారణమేంటో వ్యవసాయ శాఖ కమిషనర్లు చెప్పాలి. వచ్చే వానాకాలానికి పంట నమోదు యాప్‌లో రెండు గడులు చేర్చండి: దుబ్బుకు దోమలెన్ని, సాలీళ్లెన్ని. రెండో గడి నింపకుండా వరికి ఏ పురుగుమందూ సిఫారసు చేయకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, కేబినెట్ ఆమోదమూ అక్కర్లేదు.